అభ్యంతరం లేని ఊరు

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరకడమే ఒక అదృష్టం. ఆ రోజు రమణికి సీటూ దొరికింది, ఫోన్లో సిగ్నలూ దొరికింది, ఆ సిగ్నల్లో ఒక మెయిలూ వచ్చింది. మెయిలు చదివి నవ్వింది. మళ్లీ చదివి మళ్లీ నవ్వింది. పక్కనున్న పెద్దామె తన చీర మీద ఏదన్నా పడిందేమోనని కంగారుగా దులుపుకుంది. మిమ్మల్ని చూసి కాదమ్మా అని చెబుదామంటే రమణికి నవ్వు ఆగితే కదా. దిగాల్సిన చోటు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, ఎండలో వెనక్కి నడుస్తూ కూడా నవ్వుతూనే ఉంది.

ఆ నవ్వు వెనక చాలా ఏడుపు ఉంది లెండి. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ ప్యాసైన దగ్గర్నుంచి ఆమె ఒకే రకం ఉద్యోగం వెంట పడుతోంది. దేశాలకు అప్పులిచ్చి చెరువులూ, కాలువలూ, రోడ్లూ బాగు చేయించే అంతర్జాతీయ సంస్థలు కొన్ని ఉన్నాయి. ఆ పనుల వల్ల నీళ్లకూ చెట్లకూ మనుషులకూ ఏం చెరుపు జరుగుతుందో ముందే చూసి చెప్పే విభాగం ఒకటి వాటిలో ఉంటుంది. ఆ విభాగంలో అట్టడుగు మెట్టు మీద కాలు పెట్టనిస్తే చాలు, మిగతాది తను చూసుకుంటుంది. కానీ ఆ అట్టడుగు మెట్టుకే మూడేళ్ల అనుభవం కావాలంటారు. పోనీ అనుభవం కోసం ఇంటర్న్‌షిప్ చేద్దామా అంటే జీతం ఇవ్వరు, ఢిల్లీలో మాత్రం ఉండమంటారు. జీతం లేకుండా ఢిల్లీలో ఉండగలిగినవాళ్లకు అసలు ఉద్యోగం దేనికో రమణికి ఎంత ఆలోచించినా తెలియలేదు. ఈ సందేహాన్ని ఒక దరఖాస్తులో మర్యాదగా రాసి చూసింది కూడా. జవాబు రాలేదు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ బొమ్మలు వేయిస్తూ, హాస్టల్లో ఉంటూ, రోజుకొక దరఖాస్తు పంపిస్తూ వచ్చింది.

ఇప్పుడొచ్చిన మెయిలు అలాంటి ఒక అభివృద్ధి బ్యాంకు నుంచి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో చెరువుల బాగుకు ఆ బ్యాంకు సాయం చేస్తోంది. దానికి ఆత్మకూరులో ఒక చిన్న ఆఫీసు, ఆ ఆఫీసులో ఒక జూనియర్ ఎన్విరాన్‌మెంట్ అసిస్టెంటు. అనుభవం అక్కర్లేదని స్పష్టంగా రాశారు. చివరి వడపోతలో ముగ్గురు మిగిలారు, వాళ్లలో రమణి ఒకతె. ఇక మిగిలింది ఒకే పరీక్ష. పథకం కిందికి వచ్చే ఊళ్లలో ఒకదాన్ని ఎంచుకుని, అక్కడ జనంతో సభ పెట్టి, పథకం గురించి వాళ్ల మాట రాబట్టాలి. హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు వచ్చి కూర్చుని చూస్తాడు.

మిగతా ఇద్దరూ ఆత్మకూరు వైపు పెద్ద ఊళ్లు ఎంచుకున్నారు. రమణి తన సొంత ఊరు, ఉదయగిరి కొండ కింది చెలమపల్లె ఎంచుకుంది. మన వాళ్లయితే మొహమాటం లేకుండా నోరు విప్పుతారని ఆమె లెక్క. చెలమపల్లెలో ఎవరైనా నోరు విప్పకుండా ఉన్న రోజు ఆమెకు గుర్తు లేదు మరి.

ఇంటికి చేరేసరికి అవ్వ ఆదిశేషమ్మ అరుగు మీద ఆకు నములుతోంది. నాయన కామయ్య దొడ్లో గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. రమణి ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది.

"బ్యాంకులో ఉద్యోగమా? క్యాషియరా మే?" అంది అవ్వ.

"కాదవ్వా. ఈ బ్యాంకు మనుషులకు అప్పులియ్యదు. దేశాలకిస్తాది."

"అంత పెద్ద దేశానికిచ్చేది మనకియ్యదా. అడిగే తీరులో అడగాల."

కామయ్యకు బ్యాంకు సంగతి పట్టలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆ సారు ముందర ఊరోళ్లు మాట్లాడాలంటావు. అంతేనా బిడ్డా?" అన్నాడు.

"అంతే నాయనా. ఊరోళ్లు చెప్పేదాన్ని బట్టే నాకు ఉద్యోగం."

ఈ ముక్క చెప్పి మర్నాడు పొద్దున్నే రమణి ఆత్మకూరు బస్సెక్కింది. అదే ఆమె చేసిన పొరపాటు. ఆగి ఇంకో రెండు ముక్కలు చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

చెలమపల్లెలో ఒక కట్టుబాటు ఉంది. ఊరి పిల్లను చూసుకోవడానికి పైవాళ్లు వస్తే, ఆ ఒక్క పూట పగలన్నీ పక్కన పెట్టి ఊరంతా ఆ పిల్లను పొగుడుతుంది. గట్టు తగాదాతో కోర్టుకెక్కిన వాళ్లు కూడా ఆ పూట పక్కపక్కన కూర్చుని, ఈ ఊళ్లో పాలూ తేనే పారుతున్నాయని చెబుతారు. వచ్చినవాళ్లు తాంబూలం పుచ్చుకుని బస్సెక్కాకనే మళ్లీ గట్టు గుర్తుకొస్తుంది. పైనుంచి ఒక సారు వస్తాడు, ఊరోళ్లు చెప్పేదాన్ని బట్టే పిల్ల బతుకు తేలుతుంది అంటే, కామయ్యకు అర్థమయ్యే తీరు ఇంకేముంటుంది? ఆ వారమంతా తల్లీ కొడుకూ ఇల్లిల్లూ తిరిగారు. గొర్రెల కాపరి కూతురు అంత పెద్ద ఉద్యోగానికి పోతుంటే ఊరు మాట సాయం చెయ్యదా అని ఆదిశేషమ్మ నిలదీసింది. ఊళ్లో పెద్ద రైతు, మాజీ సర్పంచి రామనారాయణరెడ్డి ఇంటికి పోతే, ఆయన మొత్తం బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. ఊరి పరువు విషయం, షామియానా ఖర్చు తనదన్నాడు.

సభ రోజు రమణి ఆ నిపుణుడితో పాటే జీపులో దిగింది. ఆయన పేరు దయాసాగర్. పొడుగ్గా, నెత్తిన గడ్డి టోపీతో, నిదానంగా మాట్లాడే మనిషి. పాలకేంద్రం ముందు రంగురంగుల షామియానా, దాని ముందు సున్నంతో వేసిన ముగ్గు, బిందె నిండా మజ్జిగ చూసి రమణి గుండె పొంగిపోయింది. జనం కూడా కిక్కిరిసి ఉన్నారు. దయాసాగర్ మెడలో బంతిపూల దండ పడింది. ఆయన దండ తీసి ఒళ్లో పెట్టుకుని పెన్ను తీశాడు.

రమణి లేచి పథకం వివరించింది. కొండ మీద నుంచి వానకు మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడుతోంది. అందుకని కొండ కింది బీడులో మొక్కలు నాటి, పశువులు తొక్కకుండా చుట్టూ ముళ్ల కంచె వేస్తారు. "దీనివల్ల మీకు ఏమన్నా ఇబ్బంది ఉంటే దాచుకోకుండా చెప్పండి" అని కూర్చుంది.

రామనారాయణరెడ్డి తువ్వాలు సర్దుకుని లేచాడు. "ఇబ్బందా? మాకేం ఇబ్బందమ్మా. చెట్లు పెడితే నీడ, కంచె వేస్తే భద్రం. ఇట్టాంటి పథకం కోసమే ఎదురు చూస్తా ఉండాం." జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత చెంచురామయ్య లేచాడు. ఈయన కరెంటు పోతే పోయిందని, వస్తే ఎక్కువొచ్చిందని మండలాఫీసులో అర్జీ పెట్టే మనిషి. రమణి ఆశలన్నీ ఆయన మీదే ఉన్నాయి. ఆయన చేతులు కట్టుకుని, "నాకేమీ లేదు సార్. సంతోషంగా ఉండా" అని కూర్చున్నాడు.

రమణికి ఒళ్లు జల్లుమంది. చెంచురామయ్య సంతోషంగా ఉండటం ఆమె పుట్టాక ఇదే మొదటిసారి.

ఆపైన మహిళా సంఘం లీడరు ప్రమీలారాణి వంతు. "రమణి శానా మంచి పిల్ల సార్. ఎవురి జోలికీ పోదు. పెద్దోళ్లంటే గౌరవం. సంగటి కెలికిందంటే చెయ్యి కడుక్కోబుద్ధి కాదు."

"సంగటికీ కంచెకూ ఏమిటమ్మా సంబంధం?" అన్నాడు దయాసాగర్.

"కంచె కూడా మంచిదే సార్."

అలా ఒకరి తర్వాత ఒకరు లేచి, పథకం బాగుందనీ పిల్ల బాగుందనీ చెప్పి కూర్చున్నారు. కాసేపటికి రెండూ కలిసిపోయి, ఒకాయన పథకం నెమ్మదస్తురాలని కూడా అనేశాడు. దయాసాగర్ పెన్ను మూత పెట్టేసి, మజ్జిగ తాగుతూ రమణిని పక్కకు పిలిచాడు.

"రమణిగారూ, ఏ పథకానికైనా ఊళ్లో ఒక్కరికి కూడా అభ్యంతరం లేదంటే నేను నమ్మను. మా పైవాళ్లు అసలే నమ్మరు. మీరు చేయబోయే ఉద్యోగమే ఆ అభ్యంతరం వినడం. సభ ఇలాగే ముగిస్తే, ఇక్కడ జనం మాట్లాడలేదని రాసుకుని వెళ్లిపోతాను. వీళ్లకు మీరేమైనా నేర్పారా?"

"లేదు సార్. ఒట్టు."

"అయితే ఇంకెవరో నేర్పారు."

రమణి వెనక్కి తిరిగి చూసింది. ఆదిశేషమ్మ మనవరాలి వైపు చూసి, అంతా దివ్యంగా జరుగుతోంది, దిగులు పడబాకు అన్నట్టు చేత్తో సైగ చేసింది. విషయం అప్పుడు బోధపడింది రమణికి. ఊరు ఊరంతా పెళ్లిచూపులకొచ్చి కూర్చుంది. ఆమెకు మళ్లీ నవ్వొచ్చింది, ఈసారి దాన్ని కష్టం మీద మింగింది. ఇంత ప్రేమతో తన ఉద్యోగం ఊడగొట్టే ఊరు ఇంకొకటి ఉండదు.

పథకం మ్యాపు పట్టుకుని ఆమె నేరుగా నాయన దగ్గరికి పోయింది. కంచె గీత కొండ బాటకు అడ్డంగా పోతోంది. కామయ్య మంద రోజూ కొండెక్కే బాట అది. "నాయనా, కంచె పడితే గొర్రెల్ని యాడ తోల్తావు?"

కామయ్య చూపు తిప్పుకున్నాడు. "దాందేముందిలే బిడ్డా. ఏదో ఒక తట్టు తోలుకుంటాం."

ఏదో ఒక తట్టు అనేది లేదు. ఆ బాటకు ఒక పక్క చెరువు, ఇంకో పక్క రెడ్డి చేను. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కూతురి ఉద్యోగం కోసం మనిషి మంద బాటనే వదిలేసుకుని, పైగా చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. రమణికి ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది, దానికి రెట్టింపు కోపం వచ్చింది. వద్దని చెప్పు నాయనా అని నేర్పించడానికి వీల్లేదు. నేర్పిస్తే అదీ అబద్ధపు సభే అవుతుంది.

"సార్, కూర్చుని ఎంత మాట్లాడినా కంచె కళ్లకు కనపడదు. అది పడే చోటికే పోదాం రండి" అంది.

ముగ్గుకు తెచ్చిన సున్నం బస్తాలో ఇంకా సగం ఉంది. దాన్ని ఒక కుర్రాడితో మోయించుకుని, కొండ కింది బీడు వరకూ అందర్నీ నడిపించి, మ్యాపు ప్రకారం సున్నం గీత పోసింది. గీత వెంబడి ఊరిని చేతులు పట్టుకుని నిలబడమంది. "ఇప్పుడు మీరే కంచె. నేను చెప్పేదాకా ఎవురూ కదలగూడదు." ఆ రోజు దేనికైనా సరేనని ఒప్పుకున్న ఊరు కాబట్టి, ఇదేం పని అని ఎవరూ అడగలేదు. రామనారాయణరెడ్డి పక్క చోటు ఆదిశేషమ్మకు పడింది. చెయ్యి పట్టుకోవడానికి ఇద్దరికీ మొహమాటమై తువ్వాలుకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకున్నారు.

"నాయనా, కొండకు పోయే వేళ దాటిపోయుండాది. మందను వదులు" అంది రమణి.

కామయ్య ఇంటికి పోయి దొడ్డి తడిక తీశాడు. మెడలో గంట కట్టిన పొట్టేలు ముందు, మంద వెనక, దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. రోజూ నడిచే బాటలో ఊరంతా వరసగా నిలబడి ఉండటం చూసి పొట్టేలు ఆగింది. వెనకవి వచ్చి దాన్ని నెట్టాయి. ఈ పూట అందరూ సర్దుకుపోవాలన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూసి, చెరువు వైపు వద్దనుకుని, ఎడం పక్కకు తిరిగి పచ్చగా ఉన్న రెడ్డి పెసరచేన్లోకి దిగింది. మంద దాని వెనకే దిగింది.

రామనారాయణరెడ్డి మాట మీద నిలబడే మనిషి. గొర్రెలు గట్టు దాటేవరకూ నవ్వుతూనే ఉన్నాడు. మొదటి సాళ్లు మేసేటప్పుడు నవ్వు కాస్త బిగుసుకుంది. మంద చేను నడిమికి చేరేసరికి తువ్వాలు వదిలేశాడు.

"కామయ్యా, నా చేను రా. కళ్లు కనపడ్డంలా?"

"మా వాడేం చేస్తాడు రెడ్డే? నువ్వే గదా ఇందాక కంచె భద్రమంటివి. ఇదిగో, భద్రంగా ఉండాది" అంది ఆదిశేషమ్మ.

"కంచె వేస్తే గొర్రెలు నా చేన్లో పడతాయని నాకేం తెలుసు?"

"చేన్లో మంద పడుకోబెట్టమని ఏటా మా ఇంటి చుట్టూ తిరుగుతావే. బాట మూసేస్తే మందే ఉండదు. నీ చేనికి పెంట యాడ్నించి వస్తాది, పైనుంచి రాలతాదా?"

"నేను చెప్పేదీ అదే గదా. కంచె వొద్దు."

"నేనూ అదే చెబుతుండా. వొద్దు."

ఇద్దరూ ఒకే మాటను ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే కట్ట తెగిపోయింది. చెంచురామయ్య పొద్దుట్నుంచి బిగబట్టుకున్నది ఇక ఆగలేదు. కంచె లోపల తమ బావి ఉందనీ, నీళ్లకు తన కోడలు ముళ్లు దూకాలా అనీ మొదలుపెట్టాడు. వంటకట్టెలు ఎక్కడ తెచ్చుకోవాలని ప్రమీలారాణి నిలదీసింది. బీడులో చింతచెట్లు ఎవరివో ఎవరో లేవనెత్తారు. ఆ చెట్ల మీద పాత తగాదా ఉంది కాబట్టి అక్కడ ఇంకో గుంపు తయారైంది. దయాసాగర్ పెన్ను తెరిచి, ఒక్కొక్కరి దగ్గరికి పరిగెత్తి రాసుకుంటున్నాడు. గొర్రెల మధ్య ఒకసారి జారిపడ్డాడు. లేచేలోపు ఆయన గడ్డి టోపీ అంచు ఒక గొర్రె నోట్లో ఉంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు, మనిషి ముఖం వెలిగిపోతోంది.

రమణి ఒక బండ ఎక్కి నిలబడింది. "ఒకరి తర్వాత ఒకరు చెప్పండి. చెంచురామయ్య మామా, బాయి సంగతి అయిపోయింది, ఇంక నువ్వు కూర్చో. అక్కా, కట్టెలకు వారానికి ఎన్నిసార్లు పోతారో సారుకు చెప్పు." ఆమె గొంతు బొంగురుపోయింది, జుట్టంతా సున్నం, కాళ్ల నిండా దుమ్ము. ఇంత ఆనందం ఆమెకు ఎమ్మెస్సీ ఫలితాల రోజు కూడా కలగలేదు. ఈ పని తనదేనని, ఎవరిచ్చినా ఇవ్వకపోయినా ఇది తనకు వచ్చునని తెలిసిపోయింది.

ఊరంతా మాట్లాడుతుంటే మాట్లాడని మనిషి ఒక్కడే ఉన్నాడు. మందను చేన్లోంచి బయటికి మళ్లించుకుని, కర్ర మీద గడ్డం ఆనించి దూరంగా నిలబడ్డాడు కామయ్య. దయాసాగర్ ఆయన దగ్గరికి పోయి, "మీరేమంటారు?" అని అడిగాడు.

"నాకేమీ లేదు సార్. మా బిడ్డకి ఆ ఉద్యోగం..."

రమణి బండ దిగి వచ్చింది. "నాయనా, నువ్వు నోరు మూసుకుంటేనే నాకు ఉద్యోగం రాదు. నీ మాట వినేదే ఆ ఉద్యోగం. అవునంటే అవునని రాస్తాం, కాదంటే కాదని రాస్తాం. నాకోసం ఏదీ చెప్పబాక. గొర్రెలకోసం చెప్పు."

కామయ్య మందకేసి ఒకసారి చూసి, కర్ర మీంచి గడ్డం ఎత్తాడు. జీవితంలో ఆయన ఆఫీసర్లకు దండాలే పెట్టాడు కానీ జవాబు చెప్పలేదు.

"కంచె వొద్దు సార్" అన్నాడు. "గొర్రెలు కొండకు పోవాల. మా తాత కాణ్ణించీ అదే బాట. చెట్లు పెట్టుకోండి, మంచిదే. బాట మాత్రం మూయబాకండి." అని, కూతురి వైపు తిరిగి నెమ్మదిగా, "కాళ్లు వొణకతా ఉండాయి మే" అన్నాడు.

రమణికి కళ్లు తిరిగిపోయేంత నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అందరూ చూస్తుండగానే ఆయన చెయ్యి పట్టుకుంది.

దయాసాగర్ పోతూ పోతూ తర్వాత తెలియజేస్తామని మాత్రం అన్నాడు. ఊరు మాత్రం బిక్కచచ్చిపోయింది. అన్ని ఫిర్యాదులు చేశాక పిల్ల సంబంధం తప్పిపోయినట్టేనని అందరూ తీర్మానించారు. చేను మేసినందుకు ఈ ఏడు మందను ముందుగా రెడ్డి చేన్లోనే పడుకోబెడతానని కామయ్య ఒప్పుకున్నాడు. రెడ్డి కూడా, పిల్ల ఉద్యోగం తన పెసలకన్నా పెద్దదనీ, తొందరపడి తువ్వాలు వదిలానే అనీ నొచ్చుకున్నాడు. నియామకం మెయిలు వచ్చిన రోజు ఆయన రెండుసార్లు చదివించుకుని, మనం తిట్టినందుకే ఇచ్చినారా అని ఆశ్చర్యపోయాడు.

రమణి ఆత్మకూరు ఆఫీసులో చేరింది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఎదురుగా వచ్చినవాళ్లకు ఇంకో కుర్చీ. ఆ ఎదురు కుర్చీలో మొట్టమొదట ఎవరు కూర్చుంటారా అని ఆమె రోజూ ఎదురుచూసింది. ఒక పొద్దున తలుపు దగ్గర ఉతికిన తెల్లపంచె కనపడింది. కామయ్య చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు.

"ఏంది నాయనా, చెప్పకుండా వచ్చినావు? అవ్వకు బాగుండాదా?"

"బాగుండాది. నేను పని మీద వచ్చినా." ఆయన కుర్చీ వైపు చూశాడు. ఆమె చూపించాక కూర్చున్నాడు. "కంచెకు గేటు పెడతామని మీ ఆఫీసోళ్లు ఊళ్లో చెప్పిపోయినారు. గేటు మాకొద్దు. గేటుకు తాళం ఉంటాది, తాళం ఎవుడి జేబులోనో ఉంటాది. మాకు బాట కావాల."

"సరే నాయనా. ఆదివారం ఇంటికొస్తా గదా, అప్పుడు నిదానంగా మాట్లాడుకుందాం."

"ఇంట్లో అయితే నువ్వు నా బిడ్డవి. ఏం చెప్పినా ఊ కొడతావు. ఇది ఆఫీసుకు చెప్పే మాట." కామయ్య వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కాళ్లు వణకడం లేదు. "రాసుకో."

రమణి కాయితం ముందుకు లాక్కుంది. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని, కొత్త మనిషిని అడిగినట్టే అడిగింది.

"పేరు చెప్పండి."

"కామయ్య" అన్నాడాయన, పక్క గదిలో వాళ్లు కూడా తలెత్తి చూసేంత గట్టిగా.